నోటి మాట వినకుండా ఉమ్మిని అడిగితే ఏం తెలుస్తుంది?

వ్యాయామం, శ్రమ, అలసటలను లాలాజలంలోని హార్మోన్లతో కొలిచే పరీక్షలు వచ్చేశాయి. మైదానానికీ ఫ్యాక్టరీకీ అవి ఏ మేరకు పనికొస్తాయి? ఫలితం ఎవరి చేతిలో ఉంటే ప్రమాదం?

బీర్‌గావ్ (రాయ్‌పూర్): సూది అక్కర్లేదు, నర్సు అక్కర్లేదు. వేలెడంత ప్లాస్టిక్ గొట్టంలో కాస్త ఉమ్మి పట్టి ఇస్తే చాలు, ఒంటి మీద ఎంత ఒత్తిడి పడిందో, శరీరం కోలుకుంటోందో లేదో చెప్పేస్తామనే పరీక్షలు క్రీడారంగానికి కొత్తేమీ కాదు. న్యూజిలాండ్, బ్రిటన్‌లలో రగ్బీ ఆటగాళ్ల మీద ఏళ్ల తరబడి ఇలాంటి అధ్యయనాలు జరిగాయి. కొవిడ్ రోజుల్లో ఇంట్లోనే చేసుకున్న ర్యాపిడ్ టెస్టు పట్టీల్లాంటి వాటితో కొన్ని నిమిషాల్లోనే కార్టిసాల్ మోతాదును చదివే పరికరాలు కూడా మార్కెట్లో ఉన్నాయి.

ఇంత తేలికైన పరీక్ష స్టేడియం గోడ దాటి రావడానికి పెద్దగా అడ్డంకులు ఉండవు. అకాడమీలో పిల్లల ఎంపిక, పోలీసు, సైనిక ఉద్యోగాల పరుగు పోటీలు, ఎండలో బరువు పని చేయించే పరిశ్రమలు... 'ఎవరు తట్టుకోగలరు, ఎవరు తట్టుకోలేరు' అని తేల్చుకోవాలనుకునే ప్రతిచోటా దీనికి గిరాకీ ఉంటుంది. అందుకే ఆ అంకె నిజంగా ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో ముందే తెలుసుకోవడం మంచిది.

ఈ ప్రశ్నను బీర్‌గావ్ నుంచి చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. రాయ్‌పూర్ నగరానికి ఉత్తరాన ఆనుకుని ఉన్న ఈ మున్సిపల్ కార్పొరేషన్ పక్కనే ఉర్లా పారిశ్రామికవాడ ఉంది. ఇంకాస్త ముందుకెళ్తే సిల్తరా. స్పాంజ్ ఐరన్ ప్లాంట్లు, రోలింగ్ మిల్లులు, ఫర్నేసులు ఇక్కడి బతుకుతెరువు. మే నెలలో బయటి ఉష్ణోగ్రతే 44 డిగ్రీల దాకా వెళ్లే ప్రాంతం ఇది. ఫర్నేసు పక్కన పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు. రైల్వే, భిలాయ్ ఉక్కు కర్మాగారం పుణ్యమా అని రాయ్‌పూర్, భిలాయ్‌లలో తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. గాజువాకలోనో పటాన్‌చెరులోనో బతికినవారికి ఈ ఊరి తీరు కొత్తగా అనిపించదు.

ఇలాంటి ఊళ్లో ఒక కుర్రాడిని ఊహించుకుందాం. రాత్రి షిఫ్టు దిగి, టీ తాగి, కానిస్టేబుల్ ఉద్యోగం మీద ఆశతో పొద్దున్నే పరుగు సాధన చేస్తాడు. అతని ఉమ్మిని పరీక్షిస్తే వచ్చే అంకెను ఎలా చదవాలి?

ఉమ్మిలోకి హార్మోను ఎలా వస్తుంది?

మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను తయారుచేస్తాయి. దీన్ని ఒత్తిడి హార్మోను అనడం అలవాటైపోయింది కానీ, దాని అసలు పని శరీరానికి కావాల్సిన ఇంధనాన్ని సమకూర్చడం. పరుగెత్తేటప్పుడు రక్తంలో చక్కెర పడిపోకుండా చూడటం, నిల్వ ఉన్న కొవ్వును కరిగించడం, వాపును అదుపులో ఉంచడం లాంటివన్నీ అందులో భాగమే. కండరాల పెంపుతో, పోటీతత్వంతో ముడిపడిన టెస్టోస్టెరాన్ ఇందులో రెండో ముఖ్యమైన హార్మోను.

రక్తంలో ఉన్న కార్టిసాల్‌లో 90 నుంచి 95 శాతం ప్రొటీన్లకు అతుక్కుని తిరుగుతుంది. అలా అతుక్కున్నది కణాల మీద పనిచేయదు. విడిగా ఉన్న కొద్ది భాగమే పనిచేస్తుంది. కొవ్వులో కరిగే స్వభావం వల్ల ఆ విడి భాగం లాలాజల గ్రంథుల పొరలను దాటి నోట్లోకి వస్తుంది. అంటే లాలాజలంలో కొలిచేది శరీరం వాడుకోగల హార్మోనునే. ఈ పద్ధతిలోని అసలు బలం ఇదే. ఉమ్మి ఎక్కువ ఊరినా, తక్కువ ఊరినా కార్టిసాల్ గాఢత పెద్దగా మారకపోవడం మరో సౌలభ్యం.

కాబట్టి ఇదేదో నాటు వైద్యం కాదు. శరీరంలో కార్టిసాల్ మితిమీరే కుషింగ్ సిండ్రోమ్‌ను గుర్తించడానికి రాత్రి పొద్దుపోయాక తీసిన లాలాజలాన్ని తొలి పరీక్షల్లో ఒకటిగా వాడొచ్చని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2008లోనే మార్గదర్శకాల్లో చేర్చింది. అయితే అక్కడ ఒక షరతు ఉంది: కనీసం రెండుసార్లు కొలవాలి. ఆసుపత్రిలో, నిర్దిష్టమైన జబ్బు కోసం, నిర్దిష్టమైన వేళలో చేసే పరీక్షకే ఒక్క అంకె చాలదన్నమాట. ఈ షరతును మైదానంలో చాలా తేలిగ్గా మర్చిపోతుంటారు.

శ్రమ పెరిగితే అంకె పెరుగుతుందా?

పెరుగుతుంది, కానీ అన్ని శ్రమలకూ ఒకేలా కాదు. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 12 మంది యువకుల చేత మూడు స్థాయుల్లో అరగంట చొప్పున వ్యాయామం చేయించి, రక్తంలో కార్టిసాల్ కొలిచారు. శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్‌లో 60 శాతం స్థాయిలో శ్రమించినప్పుడు అది దాదాపు 40 శాతం, 80 శాతం స్థాయిలో దాదాపు 83 శాతం పెరిగింది. 40 శాతం స్థాయి తేలికపాటి శ్రమలో మాత్రం, ఆ వేళకు సహజంగా ఉండే మార్పును లెక్కలోంచి తీసేశాక, కార్టిసాల్ తగ్గింది. రోజూ చేసే నడక మనసును తేలికపరుస్తుందనే అనుభవానికి ఇది దగ్గరగా ఉంది.

లాలాజలంతో చేసిన అధ్యయనాల్లోనూ ఇదే ధోరణి. 2004లో బరువులెత్తే వ్యాయామం మీద చేసిన పరిశీలనలో, బరువు, సెట్లు పెంచి కష్టంగా చేసినప్పుడు లాలాజలంలో కార్టిసాల్ 97 శాతం పెరిగింది. తేలికగా చేసినప్పుడు చెప్పుకోదగ్గ మార్పు లేదు. అదే ప్రయోగంలో 'ఎంత కష్టంగా అనిపించింది?' అని పదింటికి మార్కులు వేయమని అడిగితే, కష్టమైన రోజుకు సగటున ఏడు, తేలికైన రోజుకు రెండు వేశారు. ఈ రెండో సంగతికి మళ్లీ వస్తాను.

ఇంకో చిక్కు ఉంది. పరుగు ఆగగానే కార్టిసాల్ పెరుగుదల ఆగదు. మరో 20 నుంచి 30 నిమిషాల వరకు లాలాజలంలో పైకి పోతూనే ఉండొచ్చు. గీత దాటగానే తీసిన నమూనాకూ, కూర్చుని నీళ్లు తాగి అరగంటయ్యాక తీసిన నమూనాకూ పొంతన ఉండదు. నమూనా ఏ నిమిషంలో తీశారో రాసి లేని ఫలితానికి విలువ తక్కువ.

ఒకే అంకెకు పది కారణాలు

కార్టిసాల్‌కు ఒక గడియారం ఉంది. నిద్ర లేచాక 30 నుంచి 45 నిమిషాల్లో అది శిఖరానికి చేరుతుంది. పొద్దు వాలేకొద్దీ దిగుతూ, అర్ధరాత్రి ప్రాంతంలో అడుగంటుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలోనే ఉదయం, రాత్రి అంకెల మధ్య కొన్ని రెట్ల తేడా ఉంటుంది. కఠినమైన వ్యాయామం తెచ్చే మార్పు కంటే కొన్నిసార్లు ఇదే పెద్దది.

ఇప్పుడు మన బీర్‌గావ్ కుర్రాడి దగ్గరికి వద్దాం. ఉదయం ఆరు గంటలకు పక్కవాడు అప్పుడే నిద్ర లేచాడు. ఇతను రాత్రంతా మేలుకుని ఉన్నాడు. ఒకరికి అది రోజు మొదలు, మరొకరికి రోజు ముగింపు. వారానికోసారి షిఫ్టు మారే మనిషి శరీరంలో గడియారం పూర్తిగా పగటికీ చెందదు, రాత్రికీ చెందదు. ఇద్దరి ఉమ్మినీ ఒకే సమయంలో తీసి, ఒకే పట్టికతో పోల్చి, ఒకడు దృఢంగా ఉన్నాడు, ఒకడు అలసిపోయాడు అంటే అది సైన్సు అనిపించుకోదు.

షిఫ్టు దిగి తాగిన టీ సంగతేంటి? కెఫీన్ కార్టిసాల్‌ను పెంచుతుంది. నికోటిన్ కూడా అంతే. 2016-17 నాటి జాతీయ పొగాకు సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో పెద్దవాళ్లలో 39 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. వారిలో ఎక్కువమంది నమిలే, పళ్లకు రుద్దుకునే రకమే. పొగాకును బెల్లపు మడ్డితో కలిపి చేసే 'గుడాకు' ముద్దను పొద్దున్నే వేలితో పళ్లకు రుద్దుకునే అలవాటు ఈ రాష్ట్రంలో బాగా ఉంది. చిగుళ్లు దెబ్బతిని రక్తం కారితే, ఆ రక్తం చుక్క ఉమ్మిలో కలుస్తుంది. రక్తంలో హార్మోన్లు లాలాజలంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ముఖ్యంగా టెస్టోస్టెరాన్ ఫలితం దాంతో తారుమారవుతుంది. నమూనా ఇచ్చే ముందు పళ్లు గట్టిగా తోముకోవద్దని ల్యాబులు చెప్పేది ఇందుకే.

ఎండలో దాహం తీరడానికి తాగే నిమ్మరసం నోటిలో ఆమ్లాన్ని పెంచి రసాయన పరీక్షకు అడ్డు తగులుతుంది. నమూనాను దూదితో తీస్తే, దూదిలోని మొక్కల స్టెరాయిడ్ పదార్థాలు టెస్టోస్టెరాన్ లెక్కను తప్పుగా పెంచి చూపుతాయి. అందుకే తల కాస్త వంచి, ఉమ్మిని తనంతట తానే గొట్టంలోకి జారనివ్వడం మేలైన పద్ధతి. కానీ గంటసేపు ఎండలో పరుగెత్తిన మనిషి నోట్లో తడే ఉండదు. ఇక నమూనాను సాధారణంగా మైనస్ 20 డిగ్రీల చలిలో దాచాలి. 44 డిగ్రీల ఎండలో, కరెంటు పోయే చోట ఆ ఏర్పాటు ఎవరు చేస్తారు?

ల్యాబులోనూ తేడాలు ఉంటాయి. లాలాజల గ్రంథుల్లోని ఒక ఎంజైమ్ కార్టిసాల్‌లో చాలా భాగాన్ని కార్టిసోన్‌గా మార్చేస్తుంది. చవక కిట్లు ఈ రెండింటినీ సరిగ్గా విడదీయలేక కలిపి లెక్కేసే అవకాశం ఉంది. ఒక కంపెనీ కిట్‌తో వచ్చిన అంకెను మరో కంపెనీ కిట్‌తో వచ్చిన అంకెతో పోల్చకూడదని చెప్పేది అందుకే.

అన్నిటికీ మించి, హార్మోను ఒంటి కష్టానికే స్పందించదు. మనసుకూ స్పందిస్తుంది. 1994 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్‌ను అట్లాంటాలో టీవీలో చూసిన బ్రెజిల్, ఇటలీ అభిమానుల ఉమ్మిని ఆటకు ముందు, తర్వాత పరీక్షించారు. గెలిచిన బ్రెజిల్ అభిమానుల్లో టెస్టోస్టెరాన్ పెరిగింది, ఓడిన ఇటలీ అభిమానుల్లో తగ్గింది. వాళ్లెవరూ మైదానంలో అడుగు పెట్టలేదు, కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. ఉద్యోగం వస్తుందో రాదో అన్న బెంగతో వరుసలో నిలబడిన అభ్యర్థి కార్టిసాల్ అతను పరుగు మొదలుపెట్టకముందే పెరిగి ఉంటే ఆశ్చర్యపడాల్సింది లేదు.

30 శాతం సూత్రం ఏమైంది?

క్రీడాశాస్త్రంలో ఒక ఆశ చాలా కాలం నడిచింది. టెస్టోస్టెరాన్ శరీరాన్ని నిర్మిస్తుంది, కార్టిసాల్ కరిగిస్తుంది కాబట్టి, రెండింటి నిష్పత్తి చూస్తే ఆటగాడు అతి శిక్షణ బారిన పడ్డాడో లేదో ముందే తెలిసిపోతుందని. ఫిన్లాండ్ పరిశోధకులు 1986లో ఒక కొలమానం కూడా సూచించారు: ఆ నిష్పత్తి 30 శాతం, అంతకుమించి పడిపోతే ప్రమాద సూచన. వినడానికి బాగుంది, గుర్తుపెట్టుకోవడానికి తేలిక. అందుకే కోచింగ్ తరగతుల్లో అది నిలిచిపోయింది.

తర్వాత పరిశోధనలు పెరిగేకొద్దీ ఆ గీత చెదిరింది. నిష్పత్తి పడిపోయినా బాగా ఆడినవాళ్లు కనిపించారు, పడకపోయినా కుదేలైనవాళ్లు కనిపించారు. యూరోపియన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్ సైన్స్, అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ కలిసి 2013లో విడుదల చేసిన ఉమ్మడి ప్రకటన సారాంశం ఇది: ఆ నిష్పత్తి శరీరం మీద ప్రస్తుతం పడుతున్న శ్రమను సూచించొచ్చు కానీ, అతి శిక్షణను నిర్ధారించలేదు. అలా నిర్ధారించగల ఒకే ఒక్క రక్త పరీక్షో, హార్మోను పరీక్షో లేదు.

మరి ఏది పనికొస్తుంది? 2016లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన ఒక సమీక్ష 56 అధ్యయనాలను జల్లెడ పట్టింది. హార్మోన్లు, గుండె వేగం, రక్త పరీక్షల లాంటి కొలతల కంటే, 'నిద్ర ఎలా ఉంది, ఒళ్లు నొప్పులున్నాయా, మనసు ఎలా ఉంది, నిన్నటి సాధన ఎంత కష్టమనిపించింది' అని ఆటగాడినే అడిగి రాసుకున్న జవాబులు శిక్షణ భారాన్ని ఎక్కువ సున్నితంగా, ఎక్కువ నిలకడగా పట్టిచ్చాయని తేల్చింది. పైన చెప్పిన 2004 ప్రయోగంలో ఏడు మార్కులు, రెండు మార్కులు గుర్తున్నాయి కదా. ఉమ్మి చెప్పిన తేడానే నోటి మాట కూడా చెప్పింది, పైసా ఖర్చు లేకుండా.

అయితే ఆ ప్రశ్నకు నిజమైన జవాబు రావాలంటే ఒక పరిస్థితి కావాలి. 'అలసిపోయాను' అన్నందుకు జట్టులోంచి తీసేయరనే నమ్మకం ఆటగాడికి ఉండాలి. 'కళ్లు తిరుగుతున్నాయి' అన్నందుకు రేపటి నుంచి పనిలోకి రావద్దనరనే భరోసా కార్మికుడికి ఉండాలి. అది లేని చోట మనిషి అబద్ధం చెబుతాడు. అప్పుడు యాజమాన్యానికి ఉమ్మి పరీక్ష ఆకర్షణీయంగా కనిపిస్తుంది. అంటే నోరు విప్పలేని పరిస్థితిని అలాగే ఉంచి, దాని చుట్టూ ల్యాబు కడుతున్నట్టు. నా దృష్టిలో ఈ చర్చకు కేంద్రం ఇదే.

అంకె తీర్పుగా మారితే

హార్మోను అంకె మనిషి జీవితం మీద తీర్పు చెప్పిన కథ మనకు తెలియనిది కాదు. ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లా గోపాల్‌పూర్‌కు చెందిన స్ప్రింటర్ ద్యుతీ చంద్‌ను 2014 జులైలో, గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకు కొద్ది రోజుల ముందు జట్టు నుంచి తప్పించారు. శరీరంలో సహజంగా ఉన్న టెస్టోస్టెరాన్ పరిమితి దాటిందన్నది కారణం. అప్పుడు ఆమెకు 18 ఏళ్లు. అది లాలాజల పరీక్షతో వచ్చిన వివాదం కాదు, కానీ ప్రశ్న ఒకటే: ఒక అంకె ఎంతవరకు చెప్పగలదు?

ఆమె అంతర్జాతీయ క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లారు. 2015 జులైలో ఆ న్యాయస్థానం నిబంధనలను రెండేళ్లపాటు నిలిపివేసింది. టెస్టోస్టెరాన్ ఎక్కువగా ఉన్న మహిళలకు పోటీలో ఎంత మేలు కలుగుతుందో చూపించే తగినంత ఆధారాన్ని అథ్లెటిక్స్ సమాఖ్య ఇవ్వలేకపోయిందన్నది అందుకు కారణం. ఆ కష్టకాలంలో ద్యుతీకి హైదరాబాద్ ఆశ్రయమిచ్చింది. పుల్లెల గోపీచంద్ అకాడమీలో ఉంటూ ఇక్కడే సాధన చేశారు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్ల పరుగుల్లో రెండు రజతాలు తెచ్చారు. 2023లో నిషేధిత పదార్థాల కేసులో ఆమె మీద పడిన నాలుగేళ్ల నిషేధం వేరే సంగతి. బయటి పదార్థం ఒంట్లో దొరకడానికీ, పుట్టుకతో వచ్చిన హార్మోను మీద శిక్ష వేయడానికీ పోలిక లేదు.

ఈ కథలో గమనించాల్సింది అంకెల ప్రయాణం. 2011 నిబంధనల్లో పరిమితి లీటరుకు 10 నానోమోల్స్. 2018లో కొన్ని పరుగులకు దాన్ని 5 చేశారు. 2023లో అన్ని మహిళా పోటీలకూ 2.5 చేశారు. 2025 సెప్టెంబరు 1 నుంచి ప్రపంచ స్థాయి మహిళా పోటీల్లో పాల్గొనడానికి ఎస్‌ఆర్‌వై జన్యు పరీక్షను తప్పనిసరి చేశారు. బుగ్గ లోపల రుద్ది తీసిన నమూనాతోనో రక్తంతోనో జీవితంలో ఒక్కసారి చేస్తే చాలన్నారు. పదేళ్లు దాటిన వాదోపవాదాల్లో గీత మూడుచోట్ల గీసి, చివరికి కొలమానాన్నే మార్చారు. ఈ మధ్యలో ఎవరి కెరీర్లు ఆ గీతల మీద తెగిపోయాయో వాళ్లకు ఆ కాలం తిరిగి రాదు. 2006 దోహా ఆసియా క్రీడల్లో గెలిచిన రజతాన్ని లింగ నిర్ధారణ పరీక్ష తర్వాత పోగొట్టుకున్న తమిళనాడు రన్నర్ శాంతి సౌందరాజన్ అందుకు మరో గుర్తు.

లాలాజల పరీక్షల విషయంలో మహిళలకు అదనపు చిక్కులున్నాయి. గర్భనిరోధక మాత్రలు కార్టిసాల్‌ను పట్టి ఉంచే ప్రొటీన్‌ను పెంచుతాయి. దాంతో వ్యాయామానికి, ఒత్తిడికి లాలాజలంలో కనిపించే స్పందన తగ్గుతుంది. నెలసరి దశను బట్టీ హార్మోన్లు మారతాయి. మహిళల లాలాజలంలో టెస్టోస్టెరాన్, ఈస్ట్రోజెన్ ఎంత తక్కువంటే, సాధారణ కిట్లు వాటిని నమ్మకంగా కొలవలేవు. ఈ వివరాలు అడగకుండా ఫలితం చదవలేం. అడిగితే మాత్రం ఒక అమ్మాయి అంతరంగిక జీవితం కోచ్ రిజిస్టరులోకి ఎక్కుతుంది.

పరుగులో పోతున్న ప్రాణాలు

'అయినా, పరుగు పరీక్షల్లో పిల్లలు చనిపోతున్నారు కదా, ముందే ఏదో ఒక పరీక్ష చేస్తే మంచిదే కదా' అనేవాళ్లున్నారు. ఆ ఆవేదన న్యాయమైనదే. ఛత్తీస్‌గఢ్‌కు పొరుగున ఉన్న జార్ఖండ్‌లో 2024 ఆగస్టు 22న మొదలైన ఎక్సైజ్ కానిస్టేబుళ్ల నియామక పరుగుల్లో కనీసం 12 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. అబ్బాయిలు గంటలో 10 కిలోమీటర్లు, అమ్మాయిలు 40 నిమిషాల్లో 5 కిలోమీటర్లు పరుగెత్తాలన్నది నిబంధన. మరణాల తర్వాత పరీక్షలు కొద్ది రోజులు ఆపారు.

మన దగ్గర దూరం తక్కువ. 2022 నోటిఫికేషన్ల ప్రకారం తెలంగాణలో కానిస్టేబుల్ అభ్యర్థులైన పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో దాటాలి. ఆంధ్రప్రదేశ్‌లో పురుషులకు 1600 మీటర్లకు 8 నిమిషాలు. ఏళ్ల తరబడి గదుల్లో కూర్చుని రాతపరీక్షకు చదివి, ఒక్కసారిగా మైదానంలోకి దిగే అభ్యర్థికి ఈ దూరమూ చిన్నది కాదు.

కానీ ఇలాంటి పరుగుల్లో మనిషి కుప్పకూలడానికి సాధారణంగా ఉండే కారణాలు వేరు: వడదెబ్బ, బయటపడని గుండె జబ్బు, నీరు, లవణాల లోటు, కొన్నిసార్లు ఉత్ప్రేరకాల వాడకం. పరుగుకు ముందు తీసిన లాలాజలంలోని కార్టిసాల్ వీటిలో దేన్నీ ముందుగా చెప్పలేదు. శ్రమతో వచ్చే వడదెబ్బలో ప్రాణం నిలిపేది మొదటి అరగంటలో శరీరాన్ని చల్లబరచడం. మంచునీళ్ల తొట్టిలో ముంచడం అన్నిటికంటే మేలైన మార్గం. ఆసుపత్రికి తరలించడానికి ముందే చల్లబరచాలన్నది క్రీడావైద్యంలో స్థిరపడిన సూత్రం. మైదానంలో ఒక తొట్టి, మంచుగడ్డలు, థర్మామీటరు, శిక్షణ పొందిన ఇద్దరు మనుషులు, ఎండ ముదరకముందే ముగిసే షెడ్యూలు. వీటికి హార్మోను కిట్ల కంటే తక్కువ ఖర్చే అవుతుంది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర

ఉర్లా లాంటి చోట్ల కూడా చేయాల్సిందేమిటో తెలియక ఆగిపోయిన పని లేదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం, వేడిలో పనికి కొత్తగా వచ్చిన కార్మికుడిని మొదటి రోజు పూర్తి పనివేళలో 20 శాతానికి మించి ఆ వేడిలో ఉంచకూడదు. తర్వాత రోజుకు 20 శాతం చొప్పున పెంచాలి. ప్రతి 15 నుంచి 20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు తాగించాలి. శరీరం వేడికి అలవాటు పడటానికి ఒకటి, రెండు వారాలు పడుతుంది. ఇవన్నీ అమలు చేసి, ఆ తర్వాత కూడా ఏ షిఫ్టు పద్ధతి ఒంటికి ఎక్కువ భారమో తేల్చడానికి లాలాజలం వాడితే అది మంచి పరిశోధన అవుతుంది. అప్పుడు ఆ పరీక్ష షిఫ్టును పరీక్షిస్తుంది. ఇవేవీ లేకుండా గేటు దగ్గర ఉమ్మి పట్టిస్తే, కార్మికుడిని పరీక్షించి వదిలేస్తుంది.

చట్టం ఇక్కడ ఎంతవరకు కాపాడుతుంది? 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో 40 ఏళ్లు దాటినవారికి ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష ఉంది. అది మంచిదే. ఇక పరీక్షల్లో వచ్చే సమాచారం సంగతి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చూసుకోవాలి. దాని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. 2011 ఐటీ నిబంధనలు వైద్య రికార్డులను సున్నితమైన సమాచారంగా విడిగా గుర్తించాయి. కొత్త చట్టంలో అలాంటి ప్రత్యేక వర్గం లేదు. పైగా ఉద్యోగ అవసరాల కోసం, యజమానిని నష్టం లేదా బాధ్యత నుంచి కాపాడుకోవడం కోసం ఉద్యోగి సమ్మతి లేకుండానే సమాచారాన్ని వాడుకునేందుకు ఏడో సెక్షన్ వీలు కల్పిస్తోంది.

'ఇతని కార్టిసాల్ ముందునుంచే ఎక్కువ, పనివల్ల జబ్బు రాలేదు' అని పరిహారం ఎగ్గొట్టడానికి ఒక ఫలితాన్ని వాడితే, దాన్ని ఎదుర్కోవడానికి కాంట్రాక్టు కూలీ దగ్గర ఏముంది? ఇది జరిగిన ఉదంతం అనడం లేదు. చట్టంలో తలుపు తెరిచి ఉందని మాత్రమే అంటున్నాను.

ఎవరి అంకె, ఎవరి చేతిలో?

లాలాజల పరీక్షకు సరైన చోటు లేకపోలేదు. ఒక ఆటగాడిని వారాల తరబడి, ఒకే వేళకు, ఒకే కిట్‌తో, ఒకే పద్ధతిలో పరీక్షించి, అతని అంకెను అతని పాత అంకెలతోనే పోల్చితే అది ఉపయోగపడే సమాచారం. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా 2009 నుంచి అమలుచేస్తున్న అథ్లెట్ బయలాజికల్ పాస్‌పోర్ట్ వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. అందులో క్రీడాకారుడి రక్త, మూత్ర ఫలితాలను అతని సొంత చరిత్రతో పోల్చి, అసాధారణమైన మార్పు ఉంటే నిపుణులు పరిశీలిస్తారు.

కాబట్టి రాష్ట్ర క్రీడా సంస్థలు, అకాడమీలు ఈ పరీక్షలు మొదలుపెట్టే ముందు కొన్ని హామీలు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎంపికకు, తొలగింపుకు హార్మోను అంకెను ఆధారంగా వాడకూడదు. ఫలితం మొదట ఆటగాడికి, వైద్యుడికి చేరాలి, కోచ్‌కు వారి అనుమతితోనే వెళ్లాలి. మైనర్ల విషయంలో తల్లిదండ్రుల సంతకంతో పాటు ఆ పిల్లల ఇష్టం కూడా అడగాలి. నమూనాను ఎన్నాళ్లు దాస్తారో, ఎప్పుడు పారేస్తారో చెప్పాలి. ఎందుకంటే అదే ఉమ్మిలో డీఎన్‌ఏ కూడా ఉంటుంది. పరిశ్రమలు, నియామక బోర్డులు అయితే ఎంపిక కోసం ఈ పరీక్షల జోలికే వెళ్లకూడదు.

పిల్లల్ని అకాడమీలో చేర్పించే తల్లిదండ్రులు, ఉద్యోగం కోసం పరుగెత్తే యువకులు, షిఫ్టులో ఉన్న కార్మికులు ఎవరైనా గొట్టం చేతికిచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగొచ్చు. దేని కోసం కొలుస్తున్నారు? అంకె ఎవరికి చూపిస్తారు? అంకె బాగా లేదంటే మీరు మార్చేది శిక్షణనా, పనివేళలనా, లేక నన్నా? మూడో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి గొట్టంలో ఉమ్మి వేయాలో వద్దో నిర్ణయించుకోవచ్చు.